నాలుగు వాక్యాల్లో ఇమడని డ్రైవరు బాబాయి

గత నెల రోజుల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మూడూ లారీ డ్రైవర్ల గురించే, ఆ ముగ్గురూ ఈ మధ్య కాలం చేసినవారే. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈ మూడింటికే జవాబు రాస్తున్నాను. రాసినవారి పేర్లూ ఊళ్ల పేర్లూ తీసివేశాను.

ప్రశ్న: నేను ఆకివీడుకు దగ్గరలో, కొల్లేటి వైపున్న ఒక ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా పక్కింటి బాబాయి పోయిన నెలలో కాలం చేశారు. వరసకు బాబాయి అని పిలుచుకోవడమే గాని మాకు బంధుత్వం ఏమీ లేదు. ఆయన 1982 నుంచి 2018 దాకా, ముప్పై ఆరేళ్లు లారీ నడిపారు, అందులో ఎక్కువ భాగం చేపల లోడుతో హౌరా వెళ్లి రావడమే. సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకం వేయాలని ఆయన పిల్లలు అనుకుంటున్నారు. వీధిలో కాస్త రాయగలిగినవాడిని నేనే కాబట్టి నన్ను రాయమన్నారు. నాలుగు రోజులు కూర్చుంటే నాలుగు వాక్యాలు వచ్చాయి: ‘ఆయన కష్టజీవి. ఎవరికీ అపకారం తలపెట్టి ఎరుగరు. కుటుంబం కోసం అహర్నిశలు శ్రమించారు. వారి ఆత్మకు శాంతి కలుగుగాక.’ ఆ తర్వాత కలం కదలలేదు. నిజం చెప్పాలంటే ఆయన నాకు తెలిసింది నెలకు నాలుగైదు రోజులే. ఆ రోజుల్లో కూడా పగలంతా పడుకుని ఉండేవారు, అరుగు దగ్గర పిల్లలు అల్లరి చేస్తే లేచి కసురుకునేవారు. మనిషి మంచివాడని ఊరందరికీ తెలుసు, ఏం మంచి చేశారో చెప్పమంటే మాత్రం అందరూ తడుముకుంటున్నారు. ఆయన ట్రంకు పెట్టెలో నలభై దాకా జేబు పుస్తకాలు దొరికాయి. వాటి నిండా లెక్కలే తప్ప మరో మాట లేదు. జీవితమంతా మన కంటికి కనబడని చోట గడిపిన మనిషి గురించి ఏం రాయాలి, ఎలా రాయాలి?

ఇంకొక్క మాట. హౌరా వెళ్లినప్పుడల్లా ఆయన ఒక క్యాను నిండా గంగ నీళ్లు పట్టుకొచ్చి మా వీధిలో ఇంటికొక సీసా ఇచ్చేవారు. చివరి గడియల్లో పిన్ని ఆయన నోట్లో పోసింది కూడా ఆయన తెచ్చిన నీళ్లే. దీనికీ నేనడిగిన దానికీ సంబంధం లేదు, ఎందుకో రాయాలనిపించింది.

జవాబు: మాస్టారూ, అన్నిటికన్నా ముందు రావలసిన సంగతిని మీరు చిట్టచివర, సంబంధం లేదంటూ రాశారు. హౌరా పక్కన పారే హుగ్లీ గంగానది పాయే. కాశీకి పోయే స్తోమత లేని మీ వీధి పెద్దవాళ్లకు, పోయే ఘడియలో తులసాకుతో పాటు నోట్లో పోసిన గంగ, చేపల లారీలో వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చింది. ఆయన ఇచ్చిన సీసా మీ వీధిలో ఎన్ని ఇళ్లలో దేవుడి అలమరలో ఉండేది, ఎవరెవరి అంత్యకాలంలో దాని మూత తీశారు, ఇంటింటికీ వెళ్లి అడిగి పేర్లతో సహా రాసుకోండి. ఏం మంచి చేశారో చెప్పమంటే తడుముకుంటున్నవాళ్లు, సీసా గురించి అడిగితే తడుముకోరని నా నమ్మకం.

మీ నాలుగు వాక్యాల్లో తప్పేమీ లేదు. కాని వాటిని మీ ఊరి రైతు మీదా రాయవచ్చు, పోస్టుమాస్టరు మీదా రాయవచ్చు. ‘కష్టజీవి’ అన్న మాటతో నాకు ఎప్పుడూ ఉన్న ఇబ్బంది ఇదే. ఆ మాట రాయగానే ఇక ఆ కష్టం ఏమిటో చెప్పే పని తీరిపోయిందని రాసేవాడికి అనిపిస్తుంది. దాన్ని కొట్టివేసి, ఆ ఖాళీలో ఆయన చేసిన పనిని చేసినట్లుగా రాయండి.

మొదటి వాక్యం మీ ఉత్తరంలోనే ఉంది. నెలకు ఐదు రోజులు ఇంట్లో ఉన్నారనుకుంటే ఏడాదికి అరవై రోజులు, ముప్పై ఆరేళ్లకు రెండు వేల నూట అరవై రోజులు. కూడితే ఆరేళ్లు కూడా నిండవు. లారీ ఎక్కిన నాటి నుంచి దిగిన నాటి వరకు తన ఇంటి కప్పు కింద ఆయన ఉన్నది అంతే. ‘ఆయన నాకు బాగా తెలియదు’ అని మీరు సంకోచపడుతున్నారు గాని, ఆ తెలియకపోవడం మీ లోపం కాదు, ఆయన వృత్తి స్వభావం. దాన్ని దాచకుండా అక్కడి నుంచే మొదలుపెట్టండి.

తరువాత ఆ జేబు పుస్తకాలు. ‘లెక్కలే తప్ప మరో మాట లేదు’ అన్నారు. మాస్టారూ, డ్రైవరు డైరీ అంటే లెక్కలే. డీజిలు ఎంత, బేటా (డ్రైవరు రోజువారీ భత్యం) ఎంత, పంక్చరుకు ఎంత, కాటాకు ఎంత, గేటు దగ్గర ఎంత, హమాలీలకు ఎంత అన్నది తిరిగి వచ్చాక ఓనరుకు అప్పజెప్పాలి కాబట్టి రాసుకుంటారు. అయితే ఆ అంకెల పక్కన ఊరి పేరు, తారీఖు ఉంటాయి. వాటిని వరసగా పేర్చుకుంటే ఆయన ఏ రాత్రి ఎక్కడ ఉన్నదీ మీకు తెలుస్తుంది. 1999 అక్టోబరు 29 ముందు వెనకల పేజీలు ప్రత్యేకంగా తీసి చూడండి. ఆ రోజు ఒడిశా తీరాన్ని సూపర్ సైక్లోన్ తాకి సుమారు పది వేల మందిని పొట్టన పెట్టుకుంది. హౌరా లారీలు పోయే దారి సరిగ్గా ఆ ప్రాంతం మీదుగానే. ఆ వారం ఆయన లైన్లో ఉన్నారా, ఉంటే బండి ఎక్కడ ఆగింది, మంచు కరిగిపోయిన లోడు ఏమైంది అన్నవి లెక్కల్లో బయటపడవచ్చు. అలాగే 2014 అక్టోబరు 12, విశాఖను హుద్‌హుద్ తుపాను కొట్టిన రోజు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు డిసెంబరు 2 అర్ధరాత్రి దాకా జాతీయ రహదారుల మీద టోలు వసూలు ఆపేశారు కనుక, ఆ మూడు వారాల పేజీల్లో టోలు పద్దు ఉండకూడదు. చేతిలో చిల్లర లేక ఆ రోజుల్లో భోజనానికి ఏం చేశారో కూడా అక్కడే ఎక్కడో ఉంటుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లోని వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. అంతకు ముందు ఇచ్ఛాపురం దగ్గర గంటల తరబడి వరసలో నిలబడిన లారీల్లో ఆయనదీ ఒకటి అయివుంటుంది. ఇంత రాసిపెట్టిన మనిషిని పట్టుకుని ‘మన కంటికి కనబడని చోట గడిపారు’ అనకండి. ఆయన దస్తూరీలో కనబడుతూనే ఉన్నారు.

పుస్తకంలో మొత్తం ముప్పై ఆరేళ్లనూ కుదించి చెప్పాలని ప్రయత్నించవద్దు. ఒక్క ట్రిప్పును ఎంచుకుని దాన్ని పూర్తిగా రాయండి. తెల్లవారుజామున చెరువులో వల లాగడం, బొచ్చెలను, శీలావతులను వేరుచేసి తూకం వేయడం, మంచు దిమ్మలను మిషనులో పొడి కొట్టించి ట్రేల్లో ఒక వరస మంచు, ఒక వరస చేప పేర్చడం మీరు చూసినవే, ఎవరినీ అడగనక్కరలేదు. ఆ క్షణం నుంచి బండికి గడువు మొదలవుతుంది. సిమెంటు లోడో, ధాన్యం లోడో అయితే చెట్టు కింద బండి ఆపి ఒక కునుకు తీయవచ్చు గాని, చేపల లోడుకు ఆ వీలు లేదు. వెనక నుంచి కారుతున్న మంచు నీళ్లే డ్రైవరుకు గడియారం. తణుకు దగ్గర హైవే ఎక్కి, సిద్ధాంతం, రావులపాలెం వంతెనలు దాటి, తుని, అనకాపల్లి, విశాఖ, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం మీదుగా ఒడిశాలో అడుగు పెడతారు. బరంపురం దాకా టీ కొట్ల దగ్గర తెలుగు వినబడుతుంది. చిలికా సరస్సు పక్క నుంచి ఖుర్దా, భువనేశ్వర్, కటక్, బాలాసోర్ దాటాక మళ్లీ ఖరగ్‌పూర్‌లో, రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట వెళ్లి స్థిరపడిన మనవాళ్ల నోట తెలుగు వినబడుతుంది. ఆ రెండు చోట్లా ఆయనకు తెలిసిన టీ కొట్టో, భోజనం హోటలో ఒకటి ఉండే ఉంటుంది. అది ఏదో తెలిస్తే తప్పక రాయండి. తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి తేవడం ఎవరికీ గిట్టదు కాబట్టి రిటర్ను లోడు కోసం ట్రాన్స్‌పోర్టు ఆఫీసు దగ్గర ఒక పూటో, రెండు రోజులో పడిగాపులు కాయాలి. మన రైసుమిల్లులకు గోనెసంచులూ, మన కూరల కొట్లకు బంగాళాదుంపలూ అట్లా వచ్చినవే. ఆ దుంప పేరులోనే అది వచ్చిన దేశం ఉంది, దాన్ని మోసుకొచ్చినవారిలో మీ పక్కింటాయన ఒకరు.

ఆ దారి కూడా ఇప్పుడున్న దారి కాదు. ఆయన పని మొదలుపెట్టిన నాటి 5వ నంబరు జాతీయ రహదారి, ఎదురుగా వచ్చే బండికి ఒక పక్కకు ఒదిగి దారి ఇవ్వవలసిన రోడ్డు. మధ్యలో డివైడరు లేదు, ఊళ్ల బయట నుంచి బైపాసులు లేవు, ప్రతి ఊరి సంత మధ్య నుంచీ పోవలసిందే. 1999లో మొదలైన స్వర్ణ చతుర్భుజి పథకంలో, మొత్తం 5,846 కిలోమీటర్లలో భాగంగా చెన్నై నుంచి కోల్‌కతా దాకా ఈ దారిని నాలుగు వరసలు చేశారు, 2010లో నంబరు మార్చి 16 చేశారు. అంటే ఆయన ఉద్యోగ జీవితంలో తొలి సగం ఒక దేశంలో, మలి సగం మరో దేశంలో నడిచిందన్నమాట. తొలి సగంలో రాత్రంతా ఎదుటి లైట్ల వెలుగు కళ్లలో కొట్టేది. ఆయన ఎప్పటి నుంచి కళ్లజోడు పెట్టారో పిన్నిగారిని అడగండి.

ఇక పగటి నిద్ర, కసురుకోవడం. వీటిని దాచవలసిన పని లేదు. నా మేనమామ ఒకాయన బెజవాడ నుంచి లారీ తోలేవారు. సెలవులకు వాళ్లింటికి వెళ్తే, ఆయన దిగిన రోజున మా అత్తయ్య మమ్మల్నందరినీ కాలవ గట్టుకు తరిమేసేది. పెరట్లో పళ్లెం కిందపడినా ఆయన ఉలిక్కిపడి లేచి, మంచం మీద కూర్చుని, కుడికాలితో నేలను గట్టిగా తొక్కేవారు. నిద్రలో కూడా బ్రేకు మీదనే కాలు ఉండేదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆయన కుడిచేయి మోచేతి నుంచి కిందికి ఎడమచేతి కన్నా బాగా నల్లగా ఉండేది, కిటికీ లోంచి ఎండ పడేది ఆ చేతి మీదే. ఎడమ అరచేతిలో గేరు రాడ్డు గుండు ఆనేచోట గుండ్రంగా కాయ కాసి ఉండేది. పవర్ స్టీరింగు లేని బండ్లు అవి, లోడు మీద మలుపు తిప్పాలంటే సీటు మీద నుంచి సగం లేవాలి. డ్రైవరుకూ క్లీనరుకూ మధ్య ఇంజను బానెట్ ఉండేది, ఎండాకాలంలో దాని సెగకు ఎడమ తొడ ఉడికిపోయేదని చెప్పేవారు, చలికాలంలో క్లీనరు దాని మీదే పక్క వేసుకునేవాడు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారని చదివినప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది మా మామయ్య తొడ మీద ఆ కమిలిన మచ్చ. మీ బాబాయి శరీరం మీద ఆ పని వేసిన గుర్తులు మీకూ జ్ఞాపకం ఉండి ఉంటాయి. రాయండి. మూడు రాత్రుల నిద్ర బాకీ ఉన్న మనిషి అరుగు మీది అల్లరికి కసురుకున్నాడని చదివితే ఎవరూ ఆయన్ను చెడ్డవాడని అనుకోరు. అప్పుడు అల్లరి చేసినవాళ్లలో ఒకరిద్దరు ఈనాడు బండ్లు నడుపుతూ ఉంటే వాళ్లకు మరీ బాగా తెలుస్తుంది.

ఇంత నిద్ర బాకీ ఎందుకు పడిందో కూడా ఒక్క పేరాలో చెప్పడం అవసరమని నా అభిప్రాయం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదన్నది. దూరప్రయాణాల వంటి సందర్భాల్లో రోజుకు పది, వారానికి యాభై నాలుగు గంటల దాకా సడలింపు ఇచ్చింది. అయితే ఆ చట్టం ఐదుగురు లేక అంతకన్నా ఎక్కువమంది కార్మికులున్న సంస్థలకే వర్తించేది. మన పల్లెటూళ్లలో లారీ ఓనరు అంటే సాధారణంగా ఒక బండో, రెండు బండ్లో ఫైనాన్సు మీద కొనుక్కుని వాయిదాలకు భయపడుతూ బతికే మనిషి. ఒక డ్రైవరు, ఒక క్లీనరు ఉన్న బండి ఆ చట్టం గడప దగ్గరికి కూడా వచ్చేది కాదు. మీ బాబాయి ఆ గడప బయటే ముప్పై ఆరేళ్లు పనిచేశారు. ఇది ఫిర్యాదుగా కాక, ఉన్నది ఉన్నట్లు రాయండి.

చివరిగా పిన్నిగారి సంగతి. ఇటువంటి స్మారక పుస్తకాల్లో భార్యను ‘ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు’ అనే వాక్యంలో సర్దేస్తారు. ఈ పుస్తకంలో ఆ పొరపాటు జరగనివ్వకండి. ఆయన ఇంట్లో లేని ముప్పై ఏళ్లూ బడికి పంపింది, జ్వరాలకు మేలుకున్నది, పెళ్లి సంబంధాలు చూసింది, అప్పులవాళ్లకు సమాధానం చెప్పింది ఆవిడే. సెల్‌ఫోన్లు రాక ముందు, ఊళ్లో ఏ ఇంట్లో ఫోనుంటే ఆ నంబరును పీపీ నంబరుగా ఇచ్చుకునేవారు. రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీకి, అంటే దూరపు ఊళ్లకు చేసే ఫోనుకు, పావు ఛార్జీ కాబట్టి, డ్రైవర్లు ఆ వేళ దాకా ఆగి ఏ ఖుర్దా దగ్గరి టెలిఫోన్ బూత్ నుంచో ఫోను చేసేవారు. మీరు ఉపాధ్యాయులు, ఆ రోజుల్లో మీ ఇంట్లో ఫోను ఉండే ఉంటుంది. ఆ ఫోను మోగినప్పుడు పక్కింటి గోడ దగ్గర నిలబడి పిన్నిగారిని పిలిచింది మీరే అయితే, ఆవిడ కొంగు సర్దుకుంటూ పరుగున వచ్చి రిసీవరు పట్టుకుని ఏం మాట్లాడేవారో, ఎన్ని నిమిషాలు మాట్లాడేవారో మీకు తెలుసు. ‘ఆయన నాకు తెలియదు’ అని ఇక అనరనుకుంటాను.

బండి ఏ కంపెనీది, ఎన్ని టైర్లది, ఓనర్లు ఎందరు మారారు అన్నవి ఒక వాక్యంలో చెబితే చాలు. బండి నంబరు మాత్రం రాయండి, ఆ ఇంట్లో అందరికీ నోటికి వచ్చి ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారు లారీ డ్రైవరు. 2003లో పొరుగు రాష్ట్రంలో ఆయన నడుపుతున్న బండి కింద ఒక సైకిల్ మనిషి పడి చనిపోయాడు. నాన్న పారిపోలేదు, బండిని రోడ్డు పక్కకు తీసి నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లారు. కేసు ఆరేళ్లు నడిచి చివరికి కొట్టేశారు. అయినా ప్రతి ఏటా ఆ తారీఖున నాన్న అన్నం ముట్టేవారు కాదు, కారణం అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన మొదటి వర్ధంతికి నేను ఒక వ్యాసం రాస్తున్నాను. ఈ సంగతి రాయవద్దని అన్నయ్యలు పట్టుబడుతున్నారు, రాయకపోతే అది నాన్న జీవితం కాదని నాకు అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారిని అడగండి. ఆ ఉపవాసాన్ని ఇన్నేళ్లు తనలో దాచుకున్నది ఆవిడ, అందుకని మొదటి మాట ఆవిడదే కావాలి. ఆవిడ సరేనంటే రాయండి. నేనైతే రాస్తాను.

మీ అన్నయ్యల భయం నాకు అర్థమవుతుంది. లారీ డ్రైవరు అనగానే తాగుడు, ప్రమాదం అని గిరిగీసి మాట్లాడే లోకం ఇది. ఆ లోకం చేతికి మనమే ఒక రాయి అందించినట్లవుతుందని వారనుకుంటున్నారు. కాని మీ నాన్నగారు చేసింది ఎంత కష్టమైన పనో చదివేవారికి తెలియజెప్పితే ఆ రాయి ఎవరూ ఎత్తరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను, ప్రమాదం జరిగితే డ్రైవరు గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలనీ, పోలీసులకు తెలియజేయాలనీ చెబుతుంది. అదే సెక్షను, గుంపు ఆగ్రహం వల్ల అది సాధ్యం కాకపోతే మినహాయింపు కూడా ఇస్తుంది. పరాయి ఊళ్లో, భాష తెలియని చోట, రోడ్డు మీద మనిషి పడి ఉండగా గుమిగూడే జనం ఏం చేయగలరో చట్టం రాసినవారికి కూడా తెలుసునన్నమాట. 2024 జనవరి మొదటి రెండు రోజుల్లో దేశమంతటా డ్రైవర్లు బండ్లు ఆపేసి, పెట్రోలు బంకుల ముందు బారులు తీరేలా చేసిన సమ్మె కూడా ఈ భయం చుట్టూనే సాగింది. ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను రెండో ఉపవిభాగంలో పెట్టారు. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే చట్టం కొడుతుంది, మేమెక్కడికి పోవాలని వారు అడిగారు. ప్రభుత్వం ఆ ఉపవిభాగాన్ని వెంటనే అమలులోకి తీసుకురాకుండా ఆపింది. ఆ సమ్మెకు ఇరవై ఏళ్ల ముందే మీ నాన్నగారు ఒంటరిగా స్టేషను మెట్లెక్కారు.

రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ‘కేసు కొట్టేశారు కాబట్టి ఆయన తప్పేమీ లేదు’ అనే దారిలో వాదన చేయవద్దు. కోర్టు వదిలేసినా తనను తాను వదలని మనిషి మీ నాన్నగారు, ఆయన పెట్టుకోని వాదనను ఆయన తరఫున మీరు పెట్టడం బాగుండదు. రెండోది, చనిపోయిన వ్యక్తి పేరు, ఊరు రాయవద్దు. ఆ తారీఖు వాళ్లింట్లోనూ వర్ధంతే. వాళ్ల అనుమతి లేకుండా ఆ మరణాన్ని మన పుస్తకంలో అచ్చువేసే హక్కు మనకు లేదు. ‘ఒక సైకిల్ మనిషి’ అని మీరు రాసిన మాటే సరిపోతుంది.

ఎంత రాయాలంటే, ఉత్తరంలో మీరు నాకు రాసినంతే. ఆ రోజు ఇంట్లో అమ్మ వంట చేసేవారా, చేసి ఆయన ఎదుట విస్తరి వేసేవారా, లేక తానూ పస్తుండేవారా అన్నది మాత్రం అడిగి చేర్చండి.

ప్రశ్న: ఇది మా నాన్న చెబుతుంటే నేను రాస్తున్నాను. ఆయనకు చదువు రాదు. పదిహేనేళ్ల వయసులో ఒక డ్రైవరు దగ్గర క్లీనరుగా చేరి, పదకొండేళ్లు ఆయన బండి మీదే ఉండి, ఆయన దగ్గరే డ్రైవింగు నేర్చుకున్నారు. ఆ గురువుగారు ఈ మధ్య పోయారు. వాళ్ల ఊళ్లో సంస్మరణ సభ పెడుతున్నారు. అందరూ రాసుకొచ్చి చదువుతారట. నాన్న మైకు ముందు మాట్లాడలేనంటున్నారు, రాయడం రాదు. ఆయన తరఫున నేను ఏం రాసి ఇవ్వాలి?

జవాబు: మీరు ఏమీ రాయవద్దు. ఆ సభలో చదవబోయే కాగితాలన్నిటికన్నా మీ నాన్నగారి దగ్గర ఉన్నదే ఎక్కువ. దాన్ని మీ భాషలోకి మారిస్తే సగం పోతుంది. ఫోనులో రికార్డు చేయండి. కుర్చీ వేసి ‘గురువుగారి గురించి చెప్పు నాన్నా’ అని అడిగితే ఆయన కూడా ‘దేవుడు లాంటి మనిషి’ అని ఆపేస్తారు. అలా కాకుండా, ఆగి ఉన్న లారీ ఎక్కడైనా ఉంటే అక్కడికి తీసుకువెళ్లండి. టైరును రాడ్డుతో కొట్టి శబ్దాన్ని బట్టి గాలి ఉందో లేదో కనిపెట్టడం గురువుగారు ఎలా నేర్పారో అడగండి. రాత్రివేళ వెనక్కి తీసేటప్పుడు క్లీనరు ఎక్కడ నిలబడాలి, రానీ రానీ అంటూ ఎప్పుడు హోల్డాన్ అని అరవాలి, ఘాటు ఎక్కుతూ బండి ఆగితే చక్రం కింద కట్టె పెట్టడానికి ఎటు నుంచి దూకాలి, ఇవి అడగండి. తప్పు చేసినప్పుడు తిట్టారా, కొట్టారా కూడా అడగండి, చెబితే దాన్ని తీసివేయవద్దు. మొదటిసారి స్టీరింగు చేతికిచ్చింది ఏ ఊరు దాటాక, ఖాళీ బండి మీదా, లోడు మీదా, ఆయన పక్కన మేలుకుని కూర్చున్నారా, లేక నమ్మి నిద్రపోయారా అని తప్పకుండా అడగండి.

రికార్డయిన దానిలో ఐదారు నిమిషాల ముక్కను ఎంచుకుని సభలో మైకు దగ్గర పెట్టి వినిపించండి. మీ నాన్నగారు ముందు వరసలో కూర్చుంటే చాలు.

రికార్డింగు ముగించే ముందు ఒక తాడు, ఒక బరకం ఆయన చేతికివ్వండి. లోడు మీద బరకం కప్పి తాడు బిగించి, వెయ్యి కిలోమీటర్లు గాలికీ వానకూ జారకుండా కట్టి, దించేచోట ఒక్క లాగుతో విప్పే ముడి ఒకటి డ్రైవర్లకు ఉంటుంది. మా మామయ్య వేసేవారు, చూసి కూడా నేను నేర్చుకోలేదు. మీ నాన్నగారి చేతులు మాత్రమే కనబడేలా వీడియో తీయండి, ఆయన మాట్లాడకపోయినా ఫరవాలేదు. ముడి వేశాక, దాన్ని గురువుగారు ఏ పేరుతో పిలిచేవారో అడిగి రాసుకోండి.